ఆరో ఏటి భయం

దిగులుకి మందు రాసేముందు యంత్రాలు రక్తంలో చిన్నతనాన్ని చదివే రోజులవి. బట్టలు కుట్టుకునే భ్రమరాంబకి ఆస్పత్రిలో కాగితం చేతికొచ్చింది: "ఆరో ఏట చాన్నాళ్లు భయం. మెదడులో రసాయనాల తూకం అప్పుడే తప్పింది."

ఆమెకి గుర్తున్నదల్లా నాన్న భుజాలెక్కి తిరగడమే. అబద్ధమాడుతున్నది యంత్రమా, ఇంట్లోవాళ్లా?

ఇంటికెళ్లి, చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న అక్క వకుళకి ఆ కాగితం చూపించింది.

"నాకు ఆరేళ్లప్పుడు ఏం జరిగిందక్కా?"

"ఏమీ జరగలేదు. ఆ యంత్రం అందరికీ ఇలాగే చెబుతుంది," అంది వకుళ తలెత్తకుండా.

"మరి నన్ను ఆ పరీక్షకి వెళ్లొద్దని ఎందుకన్నావు?"

వకుళ చేతులు ఆగిపోయాయి.

"నాన్న అమ్మని కొడుతున్నంతసేపూ నీ చెవులు గట్టిగా మూసేదాన్ని. నీకేమీ వినపడలేదనుకున్నానే, ఇన్నాళ్లూ."

భ్రమరాంబ అక్క పక్కనే కూర్చుంది.

"రేపు మందులకి వెళ్తున్నాను. నువ్వూ రా అక్కా. నీ చెవులెవరూ మూయలేదుగా," అంది.