గేటు సీను

మూడో రోజు కూడా ఆ ముసలావిడ వచ్చి నిలబడింది.

కేరళలోని కుండరలో మూతపడ్డ జీడిపప్పు ఫ్యాక్టరీ అది. నలభై ఏళ్ల కిందట అక్కడ ఆడవాళ్లు చేసిన సమ్మె మీద సినిమా తీస్తున్నారు.

ప్రొడక్షన్ మేనేజర్ సదానందన్‌కి ఆవిడ వాలకం నచ్చలేదు. షూటింగ్‌కి వచ్చినవాళ్లు ఎవరైనా హీరోయిన్ని చూస్తారు. ఈవిడ గేటునే చూస్తోంది.

“అమ్మచ్చీ, నిన్ను ఏ యూనియన్ పంపింది?”

“ఎవరూ పంపలేదు నాయనా. మీ సినిమాలో ఈ గేటు ఎవరు తీస్తారు?”

అతని అనుమానం బలపడింది.

“నీకెందుకు?”

“ఊరికే అడిగాను.”

“లోపల బైఠాయించినవాళ్లలో రాజమ్మని ఒకత్తి. యజమానికి అమ్ముడుపోయి పోలీసులకి గేటు తీస్తుంది. దాంతో సమ్మె పోతుంది. చాలా?”



“ఎవరు చెప్పారు మీకు?”

“అప్పటి యూనియన్ నాయకుడే.”

“ఆయన ఆ రోజు గేటు బయట ఉన్నాడు. లోపలి సంగతి ఆయనకేం తెలుసు?”

“ఓహో. యజమాని తరఫున వచ్చావన్నమాట. సినిమా ఆపించడానికా? నీ పేరేంటి?”

ఆవిడ చెప్పబోయి ఆగిపోయింది.

“డైరెక్టరు గారితో రెండు ముక్కలు మాట్లాడనివ్వు. వెళ్లిపోతాను.”

“పేరు చెప్పని మనిషికి డైరెక్టరు కావాలా? ఇంకోసారి కనబడితే పోలీసుల్ని పిలుస్తా.”

“వాళ్లని చూశాన్లే,” అని ఆవిడ గొడుగు విప్పుకుని వెళ్లిపోయింది.

మళ్లీ రాలేదు. గేటు సీను ఏ గొడవా లేకుండా పూర్తయింది.

ఓణానికి సినిమా విడుదలైంది. కొల్లంలో మొదటి ఆట.

తెర మీద రాజమ్మ గేటు తీయగానే హాలంతా తిట్లు. ఎవరో చెప్పు విసిరారు.

సీను పండిందని సదానందన్ మురిసిపోయాడు.

ఆట వదిలాక ఒకామె అతన్ని వెతుక్కుంటూ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి.

“సార్, ఆ రోజు లోపల మా అమ్మకి నొప్పులొచ్చాయి. గేటు తీస్తే సమ్మె పోతుందని అందరూ దిక్కులు చూస్తుంటే, రాజమ్మచ్చి గేటు తీసి అమ్మని ఆస్పత్రికి మోసుకెళ్లింది. నేను పుట్టింది ఆ పూటే.”



“ఆవిడ... ఇప్పుడు ఉన్నారా?”

“షూటింగ్‌లో మీరు వెళ్లగొట్టిన ముసలావిడే సార్, ఇంకా లోపలే కూర్చుని ఉంది, ఈ జనమంతా వెళ్లాక బయటికొస్తానంది.”