ఇంకో లెక్క

వానలో లెక్కల మాస్టారి స్కూటరు మొరాయించింది.

ఎంత తన్నినా స్టార్టు కాలేదు. పదింటికి టీచర్లకు శిక్షణ తరగతి. ప్రత్యేకమైన తెలివితేటలున్న పిల్లల్ని గుర్తించడం ఎలాగో నేర్పుతారట. ముప్ఫై ఏళ్ల సర్వీసు తర్వాత ఇదొకటి!

తెల్ల వ్యాను ఒకటి ఆయన్ని దాటి వెళ్లింది. కొంత దూరంలో ఆగింది. మెల్లగా వెనక్కి వచ్చింది.

"ఎక్కండి మాస్టారూ. శిక్షణ పుస్తకాలు తీసుకెళ్తున్నా. మీరూ అక్కడికేనా?"

మాస్టారు ఎక్కి తల తుడుచుకున్నారు. "నేను మాస్టారినని నీకెవరు చెప్పారయ్యా?"

"వేళ్లకి ఎర్ర ఇంకుంది కదండీ." డ్రైవరు నవ్వాడు. "ముందు దాటిపోయాను. మనసొప్పక వెనక్కొచ్చాను."

"పదింటికల్లా చేరతామా?"

"రెండు సిగ్నళ్లు, ఒక రైలు గేటు. తొమ్మిదీ నలభై రెండుకి దింపేస్తాను."

"అంత కచ్చితంగా ఎలా చెప్తావు?"

"ఎలాగో చెప్పలేనండి. తెలిసిపోతుందంతే."

మాస్టారికి చిర్రెత్తుకొచ్చింది. "మా క్లాసులో ఒక పిల్ల ఉంది. అచ్చం ఇదే మాట! స్టెప్పులుండవు, జవాబు మాత్రం ఊడిపడుతుంది. ఎవరిది చూసి రాశావే అంటే నోరు విప్పదు. ఇదిగో, పరీక్షకి కూర్చోనివ్వొద్దని హెడ్మాస్టరు గారికి ఉత్తరం రాశా. సాయంత్రం ఇచ్చేస్తా."

అద్దం మీద వైపర్లు రెండుసార్లు తిరిగాయి.

"ఎదురుగా కూర్చోబెట్టి ఇంకో లెక్క ఇచ్చి చూడండి మాస్టారూ. ఒక్కటంటే ఒక్కటి."

"లెక్కల సంగతి నాకొదిలెయ్. నువ్వు రోడ్డు చూడు నాయనా."

డ్రైవరు గేరు మార్చాడు.

వ్యాను ఆగేసరికి తొమ్మిదీ నలభై రెండు. వాచీ ఆగిపోయిందేమోనని మాస్టారు చెవి దగ్గర పెట్టుకున్నారు.

శిక్షణ ఇచ్చే మేడమ్ గొడుగుతో ఎదురొచ్చింది. "మాస్టారు వానలో ఉంటే వెనక్కెళ్లి తెచ్చానమ్మా" అని ఆమెకు చెప్పి, డ్రైవరు పుస్తకాల కట్టలు దింపసాగాడు.

మేడమ్‌ది మాస్టారి కూతురి వయసు. తలా ఒక కాగితం పంచింది. ఎవరో పిల్లాడి పాత జవాబు పత్రానికి నకలు. పేరూ, మార్కులూ, దిద్దిన రాతలూ కనపడకుండా చేశారు. కొళాయిలు తొట్టిని నింపే లెక్క. జవాబు సరైనదే. స్టెప్పు ఒక్కటీ లేదు.

"మీరైతే ఎలా దిద్దుతారో దిద్దండి" అంది.

మాస్టారు ఆలోచించలేదు. సున్నా చుట్టి, పక్కన 'చూసి రాసినది' అని రాసి, కింద గీత గీశారు.

"పాపం, అర మార్కయినా వెయ్యకపోయారా మాస్టారూ?" అంది పక్కనున్న సైన్సు టీచరమ్మ.

"జాలిపడితే లెక్కలు రావమ్మా."

అందరూ దిద్దాక మేడమ్ లేచింది. "ఇది ఇరవై ఏడేళ్ల కిందటి పేపరు. ఇది చేతికొచ్చిన రోజే ఆ పిల్లాడు బడి మానేశాడు. ఎలా చేశావని ఎవరూ నెమ్మదిగా అడగలేదట."

ప్లాస్టిక్ కవర్లో అసలు పత్రం చేతులు మారుతూ మాస్టారి దాకా వచ్చింది.

సున్నా. పక్కన 'చూసి రాసినది'. కింద గీత. గీత చివర చిన్న కొక్కెం.

ఆయన తన ముందున్న నకలు చూసుకున్నారు. ఇంకు ఇంకా ఆరలేదు. ఆ గీత చివరా కొక్కెమే.

సైన్సు టీచరమ్మ రెండూ చూసింది. తన నోటుపుస్తకాన్ని మెల్లగా ఆయన నకలు మీదికి జరిపింది.

కాసేపటికి మాస్టారు సంచిలోంచి ఉత్తరం తీశారు. వెనక్కి తిప్పి, ఎర్ర పెన్నుతో కొత్త లెక్క ఒకటి రాశారు. ఒక్కటంటే ఒక్కటి.

అందరూ వెళ్లాక మేడమ్ దగ్గరికి నడిచారు.

"ఆ పిల్లాడు ఇప్పుడెక్కడున్నాడమ్మా? ఒక్కసారి కలవాలి."

"అయ్యో, మీరు ముందే అడగాల్సింది సార్. పుస్తకాలు దింపేసి మధ్యాహ్నమే వేరే ఊరు వెళ్లిపోయారు." ఆమె కిటికీలోంచి గేటు వైపు చూసింది. "పొద్దున వానలో మీకోసం వ్యాను వెనక్కి తిప్పారే, ఆయనే."