ఆకుపచ్చ గడి

వీరవేణి సంచిలో సర్దిన బట్టల్ని రమ్యశ్రీ మళ్లీ తీసి మంచం మీద పడేసింది.

"నాన్న వచ్చేదాకా నేను కదలను."

వీరవేణి కూతురి బట్టల్ని మళ్లీ మడతపెట్టి సంచిలో పెట్టింది. వాటి మీద ఎండు మెత్తళ్ల చేపల పొట్లం, ఆపైన దుప్పటి. రాజమండ్రిలో వెబ్ డిజైన్ శిక్షణకు ఆ ఊరి నుంచి ఎంపికైంది రమ్యశ్రీ ఒక్కతే. ఇవాళ సాయంత్రానికి చేరకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తామని నిన్ననే ఫోన్ చేసి చెప్పారు. ఆ ఇంట్లో సముద్రం మీదకు వెళ్లకుండా బతికే మొదటి మనిషి ఈ పిల్లే కావాలని వీరవేణి కోరిక.

మంచం పక్కన పాత లాప్‌టాప్ తెరిచే ఉంది. తుఫానుకు ముందు వేటకు వెళ్లిన బోట్ల కోసం రమ్యశ్రీ తయారుచేసిన పేజీ అందులో కనిపిస్తోంది. బోటుకొక గడి. రాని బోటు గడి ఎరుపు, ఒడ్డుకు చేరిన బోటు గడి ఆకుపచ్చ. లోపల తెల్లటి చిన్న అక్షరాల్లో వివరం. చదవడం రానివాళ్లు కూడా ఫోన్‌లో రంగు చూసి తెలుసుకోవాలని అలా చేసింది. చదవడం రానివాళ్లలో మొదటిది వాళ్లమ్మే.

రేవు నుంచి కబురు అందగానే రమ్యశ్రీ అయినా, బోట్ల సంఘం పల్లంరాజు అయినా గడి మార్చేవారు. ముందు మాట మార్చాలి, ఆ తర్వాతే రంగు. అది రమ్యశ్రీ పెట్టిన నియమం. కూతురు మారుస్తున్నప్పుడల్లా వీరవేణి పక్కన కూర్చుని చూసేది. మాటలకు హెచ్‌టీఎంఎల్, రంగులకు సీఎస్‌ఎస్ అంటే ఆవిడకు నోరు తిరగలేదు. గోడ కట్టడం ఒక పని, సున్నం వేయడం ఇంకో పని అని కూతురు విడమరిచి చెబితే నవ్వింది.

"సున్నమేస్తే గోడ పగుళ్లు కనపడవుగా. దీనికింత చదువు కావాలా ఏంటే?"

ఇప్పుడు గడులన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి. చివరిదొక్కటే ఎర్రగా మిగిలింది. అది రమ్యశ్రీ నాన్న లోవరాజుది. వెతకడానికి వెళ్లిన బోట్లు కూడా నిన్ననే తిరిగొచ్చేశాయి.

"నాన్న వచ్చేసరికి నేను లేకపోతే ఎలాగమ్మా?"

"వచ్చినోడు రాజమండ్రి రాలేడా ఏంటే? మీ నాన్నకు తోవ తెలుసు."

"ఆ గడి ఎర్రగా ఉండగా నేను బస్సెక్కను. నువ్వు తోసినా ఎక్కను."

వీరవేణి సంచి జిప్పు లాగింది. "సరే, ఎక్కకు. నీళ్లు చల్లారిపోతున్నాయి, ముందు స్నానం చేసి రా."

రమ్యశ్రీ తడిజుట్టుతోనే వచ్చి, అలవాటుగా ఫోన్ తీసి పేజీని మళ్లీ తెరిచింది. చివరి గడి దాకా జరిపింది.

"అమ్మా, ఇటు రా."

వంటింట్లోంచి వీరవేణి చెయ్యి పమిటకు తుడుచుకుంటూ వచ్చింది. "ఏంటే?"

"చూడు. ఆ చివరిది. ఏం రంగు?"

వీరవేణి ఫోన్ మీదకు వంగి చూసింది. "పచ్చే కదే," అని మంచం మీద కూలబడింది.

రమ్యశ్రీ కళ్ల నిండా నీళ్లు. ఆ రంగు తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. పల్లంరాజుకు ఫోన్ చేస్తే ఎంగేజ్ వచ్చింది. మళ్లీ చేసినా అంతే. భీమరాజు బోటుకూ ఇలాగే అయిందని వీరవేణి గుర్తుచేసింది. అతను ఒడిశా ఒడ్డున పడ్డాడని ముందు గడి మారింది, మర్నాటికి గానీ అతని గొంతు వినపడలేదు.

"పల్లంరాజు బాబాయ్ ఊరికే మార్చడమ్మా," అంది రమ్యశ్రీ. "నాన్న ఫోన్ నీళ్లలో పోయుంటుంది."

"పోతే పోయింది, ఇంకోటి కొనుక్కుంటాడు. జడ వేస్తాను, కూర్చో. బస్సు టైమవుతోంది."

బస్సు ఎక్కాక సంచి కిటికీలోంచి అందిస్తూ, మెత్తళ్లు పక్కవాళ్లకు కూడా పెట్టమని, రాత్రిపూట కిటికీ మూసుకోమని చెప్పింది వీరవేణి. నాన్న మాట్లాడగానే తనకు ఫోన్ చేయించమని రమ్యశ్రీ రెండుసార్లు చెప్పింది. "చేయిస్తాలే," అంది తల్లి. ఎవరు ఊరు వెళ్తున్నా బస్సు మలుపు తిరిగేదాకా రోడ్డు మీదే నిలబడే మనిషి, ఆ రోజు బస్సు కదలకముందే వెనక్కి తిరిగి నడిచిపోయింది.

రావులపాలెం దాటి వంతెన ఎక్కాక పక్క సీటులోని పెద్దావిడ పలకరించింది. ఇందాకటి నుంచీ ఫోన్ చూసుకుని నీలో నువ్వే నవ్వుకుంటున్నావు, పెళ్లి కుదిరిందా అని అడిగింది.

"కాదండి. మా నాన్న. తుఫానులో తప్పిపోయి ఇవాళే ఒడ్డుకు చేరాడండి." రమ్యశ్రీ ఫోన్ ఆవిడ ముందుకు జరిపింది. "ఈ ఆకుపచ్చ గడి మా నాన్నదండి."

"దేవుడు చల్లగా చూశాడు తల్లీ. లోపల ఏదో రాసుందే? కళ్లజోడు తేలేదు, నువ్వే చదివి పెట్టు."

రమ్యశ్రీ రెండు వేళ్లతో గడిని పెద్దది చేసింది. చదవబోయి ఆగిపోయింది.

రంగు మారింది. మాట మారలేదు. పల్లంరాజైతే ముందు మాటే మార్చేవాడు. అక్షరం చదవలేక, పై గడిని చూసి ముగ్గు దించినట్టు ఆ రంగు ఒక్కదాన్నే దించగలిగే మనిషి ఆ ఊళ్లో ఒక్కతే ఉంది. తాను స్నానానికి వెళ్లినప్పుడు ఆ మనిషి లాప్‌టాప్ పక్కనే ఉంది.

"చదువమ్మా," అంది పెద్దావిడ.

ఆకుపచ్చ మీద తెల్లటి అక్షరాలు, తుఫాను రోజున తాను రాసినవి రాసినట్టే ఉన్నాయి.

"లోవరాజు. నాగులచవితి మర్నాడు వేటకు వెళ్లాడు. తిరిగి రాలేదు."