ఆకుల వాళ్ల పత్రిక

ఆశ ఆరేళ్ల కష్టం నాలుగు వాక్యాల్లో తేలిపోయింది. ఆమె పంపిన పరిశోధన వ్యాసాన్ని పత్రిక వాళ్లు తిప్పి పంపారు. మీరు కనిపెట్టింది ఇదివరకే అచ్చయింది, దానికంటే కొత్తది ఏమైనా ఉంటే నెలలోగా చూపించండి అన్నారు. ఒక మొక్కల పత్రిక పేరు, సంవత్సరం, పేజీ నంబరు ఇచ్చారు. రాసిందెవరో చెప్పనే లేదు.

పట్టుపురుగులు గూడు కట్టకముందే ఎందుకు చస్తున్నాయో తేల్చడానికి ఆనేకల్ షెడ్ల చుట్టూ తిరిగి తిరిగి పట్టుకున్న సంగతి అది. తప్పు పురుగుది కాదు, మల్బరీ ఆకు అడుగున పట్టే బూజుది. వ్యాసం అచ్చయితేనే డాక్టరేటు. ఫెలోషిప్పు ఆ నెలతో సరి.

ముందే ఎలా తెలియకుండా పోయిందంటారా? పురుగుల వాళ్లు ఆకుల వాళ్ల పత్రికలు చదవరు. ఆకుల వాళ్లకు పురుగుల గోడు పట్టదు. రెండు విభాగాలకూ కలిపి ఉన్నది ఒక్క క్యాంటీను, అక్కడా బల్లలు వేరు. తొంభై ఆరు నాటి మాట ఇది, కంప్యూటరులో వెతుక్కునే రోజులు కావు.

బెంగళూరులో ఆమె ఎక్కని లైబ్రరీ మెట్లు లేవు. ఒకచోట ఆ పత్రికే తెప్పించరు. ఇంకోచోట ఆ ఏడాది సంచికలు చెదలు తినేశాయి. పత్రిక చూస్తే ఏనాడో మూతపడింది. వ్యాసం రాసినవాళ్లకు ఓ కట్ట ప్రతులు ఇచ్చే ఆనవాయితీ ఉంది, కార్డు ముక్క రాస్తే ఎవరైనా సంతోషంగా పంపుతారు. కానీ కార్డు ఎవరికని రాయాలి?

గడువు దాటిన సాయంత్రం కె.ఆర్.పురంలో ఇల్లు చేరి కుర్చీలో కూలబడింది. వంటింట్లో డబ్బాలు దించి అరలు తుడుస్తున్న భర్త పద్మనాభం తొంగిచూశాడు. ఆ ఇంట్లో వంట ఆయనదే. పెళ్లప్పుడు ఆయన పెట్టిన షరతు ఒక్కటే, ఇంట్లో ల్యాబు మాట ఎత్తకూడదని. తానూ పూర్వం ఏదో ల్యాబులో ఉండి, విసుగెత్తి మానేసి అత్తిబెలె ఫ్యాక్టరీలో చేరాడని తప్ప ఆమెకు ఇంకేమీ తెలియదు.

"ఏమాయ? మొగం అట్లుండాది?"

"ఏం లేదు."

"ల్యాబు సంగతేనా?"

ఆశ తలూపింది. అంతా చెప్పుకుని ఏడవాలని ఉంది ఆమెకు.

"అయితే వద్దులే. అన్నం తిందువు రా."

పద్మనాభం వంటింట్లోకి వెళ్లి, ఉప్పు డబ్బా కింద చెమ్మ పట్టిన కాగితం తీసి పారేసి, ఏనాడూ ఎవరూ అడగని తన మల్బరీ బూజు వ్యాసం ప్రతుల కట్టలోంచి ఇంకొకటి లాగి అక్కడ పరిచాడు.