గడ్డిచామంతి పసరు

కొడవలి జారి శ్రీరామమూర్తి వేలు తెగింది.

మాదన్నపేటలో అతను అద్దెకు దిగిన ఇంటి గుమ్మం ముందంతా గడ్డిచామంతి పరుచుకొని ఉంది. దాన్ని కోస్తుండగా జరిగిందది.

దారిన పోతున్న ఒక ముసలామె ఆగి, కూరగాయల గంప దించింది.

"అయ్యో, చెయ్యి ఇటియ్యి."

నాలుగు ఆకులు తెంపి, అరచేతిలో నలిపి, పసరు గాయం మీద పిండింది. నెత్తురు ఆగింది.

"గీ ఆకునేనా నువ్వు పీకేస్తున్నది? ఏం పాపం జేసింది?"

"ఎక్కడినుంచో వచ్చి ఇక్కడంతా పాకిపోయింది" అన్నాడతను.

అన్న మరుక్షణం ఉలిక్కిపడ్డాడు. నిరుడు, ప్రత్యేక తెలంగాణ ఆందోళన రోజుల్లో, ఆఫీసులోని కోస్తావాళ్ళను చూసి కొందరు అన్న మాట అదే. తనను నొప్పించిన మాట తన నోట ఎప్పుడు మొలిచిందో అతనికి అర్థం కాలేదు.

ఆమె నవ్వింది. "నీ మాట జూస్తే గుంటూరు దిక్కు లెక్కున్నదే?"

శ్రీరామమూర్తి తలూపాడు.

"రేపొస్త కొడుకా. నిన్ను అర్సుకోవాలె."

గంప నెత్తికెత్తుకొని వెళ్ళిపోయింది.

లోపలినుంచి విన్న భార్య కమలకుమారి ముఖం పాలిపోయింది.

"విన్నారా? రేపొచ్చి గుమ్మంలో అరుస్తుందట! పైగా కొడకా అని తిట్టు కూడానా? నలుగుర్ని వెంటేసుకొస్తే మన గతేమిటి? బదిలీకి అర్జీ పెట్టేయండి."

మరునాడు తలుపు చప్పుడైంది.

"ఓ కొడుకా! తలుపు తియ్యి!"

గడియ వెనక ఇద్దరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. కాసేపటికి చప్పుడు ఆగిపోయింది. ఆమె మళ్ళీ రాలేదు.

ఆ వారంలోనే ఒక ఉదయం, పాలు పోస్తూ సాయిలు అడిగాడు.

"ఏంది సార్, కూరగాయల ఆగమ్మ వస్తే తలుపు తియ్యలేదంట?"

"అరుస్తానని చెప్పి మరీ వచ్చింది కదయ్యా!"

సాయిలు తెల్లబోయాడు. సంగతి తెలిశాక కడుపు పట్టుకొని నవ్వాడు.

"అరుసుడు గాదు సార్! అర్సుకొనుడంటే మంచిచెడ్డ అడుగుడు. నీ పుండు మానిందా లేదా అని చూడొచ్చింది. కొడుకా అంటే తిట్టు గాదు, మాకది ముద్దు."

శ్రీరామమూర్తి చొక్కా అందుకున్నాడు. "ఇల్లెక్కడో చూపించు. ఇప్పుడే వెళ్ళి క్షమించమని అడుగుతాను."

"ఇంకేడ ఇల్లు సార్? నిన్ననే ఖాళీ జేసి తమ్ముని ఊరికి పాయె. ఈడ ఆమెకు ఎవరున్నరని?"

"పిల్లలు లేరా?"

సాయిలు నవ్వు ఆగిపోయింది. పాలచెంబు మీదనుంచి చూపు తిప్పకుండానే గొంతు తగ్గించాడు.

"నిరుడు మీ ఆంధ్రోళ్ళు పోవాలెనని లొల్లి జేసుకుంట తూటా తగిలి సచ్చిపోయినోడు, ఆమెకు ఒక్కడే కొడుకు సార్."