సున్నం పెట్టిన పులిపిరి

యూనియన్ సైన్యం సికింద్రాబాద్‌లోకి వచ్చిన రోజే నా కోడలు మణెమ్మకు కొడుకు పుట్టాడు. చిటికెన వేలి పక్కన ఆరో వేలుంది.

నాకు నిద్ర పట్టలేదు. రేపు వాడికి పిల్లనెవరిస్తారు?

“మా ఇంట్ల ఏడు తరాల నుంచి గిసొంటిది లేదు. మీ వంశంల ఉన్నదాన్ని దాచి పిల్లనిచ్చిన్రు. రైళ్లు షురూ కానీ, నిన్ను తల్లిగారింటికి తోలిస్త!” అన్నాను, నా చేతి అంచున, చిటికెన వేలి కిందున్న పులిపిరికి సున్నం పెట్టుకుంటూ. నా కొడుక్కీ అదే చోట పులిపిరి ఉంది. నా నుంచే అంటుకుందని వాడికీ చిన్నప్పటి నుంచి సున్నం పెడుతూనే ఉన్నాను.

మణెమ్మ బిడ్డను గుడ్డలో చుట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది.

ఐదో రోజు మంత్రసాని ఖమర్ బీ భయం భయంగా సందులు దాటి వచ్చింది. వేలు చూసి నవ్వింది.

“గింతకే లొల్లా, అక్కా? గుర్రం వెంట్రుకతో బిగిస్తే వారంల ఎండి రాలిపోతది. చిన్న కాయ మిగుల్తది, అంతే. పురిట్లనే కట్టేస్తరు. కన్నతల్లికి గూడ చెప్పరు.”

“కట్టు గానీ, గిది ఎవరి దిక్కు నుంచి వచ్చిందో చెప్పు.”

ఖమర్ బీ నా చెయ్యి పట్టుకుని సున్నం తుడిచింది. వేలితో తడిమి చూసింది.

“ఇది పులిపిరి కాదక్కా. నీది ఎవరు కట్టిన్రో గానీ, మంచిగ కట్టిన్రు.”

మణెమ్మ గోడవైపు నుంచి ఇటు తిరిగింది.

“రైళ్లు ఎప్పుడు షురూ అయితయి, అత్తా?”