కోదండం బాబాయ్ కబురు

“కాలు కొంచెం తియ్యమ్మా.”

ఎలీయాజరు బరువైన బౌలింగ్ బంతిని రెండు చేతులా పొట్టకు ఆనించుకుని వంగుతున్నాడు. సునీత ఫోన్లోంచి తల ఎత్తకుండానే కాలు వెనక్కి తీసుకుంది. బంతి రబ్బరు చాప మీద మెల్లగా కూర్చుంది. ఆయన నడుం పట్టుకుని లేస్తూ ఆమె కాళ్ల వంక ఒక క్షణం చూశాడు.

“బూట్లు బాగున్నాయి కదే జెరూ,” అన్నాడు కూతురితో.

జెరూషా కూడా చూసింది. “బాగున్నాయి నాన్నా. చానా బాగున్నాయి.”

కొత్త బంతులూ, ఒకరు వాడిన బంతులూ అమ్మే ఆ ఇరుకు కొట్లో వాళ్లు ముగ్గురే ఉన్నారు. కొట్టు యజమాని లోపల మెషీన్ దగ్గర బంతికి వేళ్ల రంధ్రాలు వేస్తున్నాడు. శనివారం ఎంపిక పోటీ. రాష్ట్ర జట్టులో మిగిలింది ఒక్క చోటు. దాని కోసం మిగిలింది ఈ ఇద్దరమ్మాయిలు.

రెండేళ్లుగా పోటీల్లో ఎదురుపడుతున్నా ఇద్దరూ మాట్లాడుకున్నది బెంగాలీలోనే. సునీత అన్న పేరు ఏ భాషకైనా సరిపోతుంది. ఏక్‌బాల్‌పూర్ వీధుల్లో నేర్చిన ఆమె బెంగాలీకి వంక పెట్టేవాడు లేడు. నీది ఏ ఊరని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. కలకత్తా తెలుగువాళ్ల సంగతి ఆమెకు బాగా తెలుసు. బస్సులోనైనా, బజారులోనైనా ఇంటి గుట్టంతా తెలుగులో గట్టిగా మాట్లాడేసుకుంటారు. సునీత వాళ్లమ్మయితే చేపలవాడి ఎదుటే నిలబడి వాడి తూకంలో మోసం గురించి చెబుతుంది, నవ్వు మొహంతో.

“నాన్నా, కోదండం బాబాయ్ ఏటన్నాడు?” అంది జెరూషా.

ఎలీయాజరు దగ్గాడు. “కోదండమా? ఏటంటాడు... ఈసారి నూనె మెషీన్ అసోసియేషనోళ్లే తెత్తారట. లేన్ మీద మూడొంతుల దాకా దట్టంగా పూసేత్తారట.”

“ఆ హాలు ఎప్పుడూ ఎండిపోయుంటాది కదా?”

“అందుకే మరి. అలవాటు పడ్డోళ్లని దెబ్బ కొట్టడానికి. ఎవరికీ సెప్పొద్దన్నాడు.”

“ఎవరికి సెప్తాం? ఇక్కడ మన మాట అర్థమయ్యేదెవరికి?”

సునీత వేలు ఫోన్ మీద ఆగిపోయింది.

పోటీ జరిగే ఆ హాలు యజమాని, బంతి దొర్లే చెక్క లేన్ మీద పూసే నూనెను మందు చుక్కల్లా వాడతాడు. పొడి లేన్ మీద నున్నటి బంతే నమ్మకం, చివరిదాకా తిన్నగా పోయి అక్కడ తిరుగుతుంది. ఆమె బంతి అలాంటిదే. బొటనవేలి రంధ్రం బిగుతుగా ఉందని సరిచేయించుకోవడానికి వచ్చింది. కానీ నూనె దట్టంగా ఉంటే ఆ బంతి సబ్బు మీద కాలేసినట్టు జారిపోతుంది, తిరగదు. అప్పుడు చెక్కను పట్టుకునే గరుకు బంతి కావాలి.

“అయితే ఆ గరుకుది కొందామా నాన్నా?”

“దాని ధర సూసావా? మనకందదు. ఈ పాత నీలంది సాలు. ఇది మాటినే బంతి. గరుకు పెడితే గరుకు, నునుపు పెడితే నునుపు. లిలువా రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు ఇనుము రుద్దినోణ్ణి, ఇదెంత?”

కొట్టు యజమాని బయటకు రాగానే జెరూషా బెంగాలీలోకి మారిపోయింది. నీలం బంతికి బేరమాడింది. ఉన్న రంధ్రాలే తన వేళ్లకు సరిపోయాయంటూ అప్పటికప్పుడే సంచిలో వేసుకుంది. వెళుతూ సునీతకు చెయ్యి ఊపింది.

తలుపు మూసుకోగానే సునీత తన బంతిని బల్ల మీద పెట్టింది.

“దాదా, దీన్ని నువ్వు తీసుకో. ఆ గరుకుది ఇయ్యి. పైకం ఎంతైనా పరవాలేదు.”

“ఆ హాలుకా? పొడి లేన్ మీద అది నీ మాట వినదు దిదీ.”

“నాకు తెలుసులే. సాయంత్రానికల్లా రంధ్రాలు వేసి ఉంచు.”

శనివారం ఉదయం, అభ్యాసానికి ఇచ్చిన పది నిమిషాల్లో సునీత మొదటి బంతి విసిరింది. సగం దూరంలోనే అది చెక్కను పట్టుకుని గిర్రున ఎడమకు తిరిగి పక్క కాలువలో పడింది. రెండోది వేగంగా విసిరింది. అదీ అంతే. లేన్ ఎప్పటిలాగే ఎండిపోయి ఉంది.

పక్క లేన్‌లో జెరూషా మూడు బంతులు విసిరి తండ్రి దగ్గరకు నడిచింది. ఆయన సంచిలోంచి ఒక సీసా, మెత్తటి గుడ్డ తీశాడు. ఆట మొదలయ్యాక బంతిని రుద్దకూడదు, ముందైతే రుద్దొచ్చు. గంట మోగేలోపు నీలం బంతిలో హాలు దీపాలన్నీ కనిపిస్తున్నాయి.

సునీత తన సంచి వెతికింది. చెమట తుడుచుకునే తువ్వాలు తప్ప ఏమీ లేదు.

ఆమె ఓడింది పంతొమ్మిది పిన్నుల తేడాతో.

అయినా సునీత తల దించలేదు. తప్పుడు కబురు ఇద్దరికీ ఒక్కటే, వాళ్ల దగ్గర గుడ్డ ఉంది, తన దగ్గర లేదు. అంతే తేడా. వెళ్లేముందు వాళ్ల మొహాల్లో గెలుపు కాసేపైనా చెదరగొట్టాలనిపించింది. నేరుగా వెళ్లి వాళ్ల ముందు నిలబడి స్పష్టంగా తెలుగులో అంది.

“మీ కోదండం బాబాయ్ మనిద్దర్నీ ముంచాడు. నూనె ఎక్కడుంది?”

వాళ్లు ఉలిక్కిపడతారని చూసింది. జెరూషా తాపీగా బూటు లేసు విప్పుకుంటోంది. ఎలీయాజరు బంతి తుడవడం ఆపలేదు.

“ఏ కోదండం?” అన్నాడు.

జెరూషా తలెత్తి సునీత బూట్ల వంక చూసి నవ్వింది.

“ఆవేళ కొట్లో నాన్న మన మాటలో అడగ్గానే నువ్వు కాలు తీసావు సూడు, అప్పుడే పుట్టాడు.”